తిరుపతి నుంచి శని, ఆదివారాల్లో సముద్రానికి: తూపిలిపాలెమా, మైపాడా, కొత్తకోడూరా, పులికాటా?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మనకు సముద్రం వచ్చింది. పాత చిత్తూరు జిల్లాకు తీరమే లేదు. ఇప్పుడు తిరుపతి జిల్లాకు వాకాడు వైపు తీరమూ ఉంది, సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ సరస్సూ ఉంది. అయినా పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్దామా అనుకుంటే మన ఇళ్లలో వచ్చే పేర్లు మాత్రం మారలేదు. మెరీనా, లేకపోతే మహాబలిపురం, ఇంకో రోజు సెలవు దొరికితే పాండిచ్చేరి. ఆ ఊళ్లు బాగుండవని కాదు. శనివారం పొద్దున బయల్దేరి చెన్నై ట్రాఫిక్‌లో గంటలు గంటలు కూర్చుని, పార్కింగ్ కోసం రెండు రౌండ్లు కొట్టి, ఆ జనంలో పిల్లాడి చెయ్యి వదలకుండా తిరిగి, ఆదివారం రాత్రి ఇంటికొచ్చి పడితే సోమవారం ఆఫీసుకి ఇంకా అలసిపోయి వెళ్తాం. రెస్టు కోసం వెళ్లేవాళ్లకు దగ్గరలోనే వేరే దారులున్నాయి, వాటి గురించే ఇదంతా రాస్తున్నాను.

తిరుపతి నుంచి మూడు, మూడున్నర గంటల లోపు చేరగలిగేవి, పేరు పెద్దగా బయటికి రానివి నాలుగు చెప్పుకోవచ్చు. వాకాడు మండలంలో తూపిలిపాలెం, నెల్లూరు మీదుగా వెళ్లే మైపాడు, అదే నెల్లూరు నుంచి ఇంకో దారిలో కొత్తకోడూరు, అలలు లేకపోయినా నీళ్లూ పక్షులూ ఉన్న పులికాట్. శ్రీహరికోట ఎందుకు లేదంటారా, అది ఇస్రో రాకెట్లు వదిలే షార్ ప్రాంగణం, అక్కడి తీరానికి మామూలు జనాన్ని వదలరు. కృష్ణపట్నం, రామాయపట్నం పోర్టుల ఊళ్లు, లారీల మధ్య పిల్లల్ని వేసుకుని వెళ్లాల్సిన పని లేదు. చిత్తూరు టౌన్ వాళ్ల లెక్క వేరు, అది చివర్లో చెప్తాను.

కారులో ఎవరున్నారో ముందు చూడండి

ఏ బీచ్ అందంగా ఉంటుంది అనే ప్రశ్నతో మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. ఈ వైపు తీరమంతా దాదాపు ఒకే తీరు. పొడవాటి ఇసుక, వెనక సరుగుడు తోటలు, ఎదురుగా బంగాళాఖాతం, పొద్దున్నే నీళ్లలోంచి లేచే సూర్యుడు. తేడా అంతా బాత్రూం దగ్గర, నీడ దగ్గర, రాత్రి పడుకునే చోటు దగ్గర వస్తుంది. అందుకే నన్ను ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగే మొదటి మాట, మీ కారులో అందరికన్నా పెద్దవాళ్లెవరు, అందరికన్నా చిన్నవాళ్లెవరు అని. ఆ ఇద్దరికీ సరిపోయిన చోటు మిగతా వాళ్లందరికీ సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ వదులు ఇసుకలో ఎంత దూరం నడవగలదు, షుగర్ ఉన్న తాతయ్య ఎన్ని గంటలకోసారి బాత్రూంకి వెళ్లాలి, చంటిబిడ్డ మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటుంది, ఈ మూడూ తేలితే బీచ్ పేరు దానంతటదే తేలుతుంది.

ఇంకో సంగతి ఉంది, మగవాళ్లు ప్లాన్ వేసేటప్పుడు ఇది పట్టించుకోరు. ప్రయాణం అనగానే మన ఇళ్లలో ఆడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరుకుతుందో లేదో అన్న భయం. ఉప్పుగాలి, ఎండ, పైగా నీళ్లు తాగని ఒళ్లు, మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం. కాబట్టి ఎక్కడెక్కడ ఆగాలో ముందే అనుకుని ఇంట్లో అందరికీ చెప్పండి. నాయుడుపేట దగ్గర ఒకసారి, గూడూరు దగ్గర ఒకసారి, హైవే పక్కన కాస్త పెద్ద హోటల్ చూసి ఆగుదాం అని ముందే తెలిస్తే వాళ్లు హాయిగా నీళ్లు తాగుతారు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది, ట్రిప్ బాగా జరగడం, జరగకపోవడం చాలావరకు దీని మీదే ఉంటుంది.

దారి, దూరం, ఖర్చు

పులికాట్‌కి అయినా, తూపిలిపాలేనికి అయినా, నెల్లూరు వైపుకి అయినా మొదటి డెబ్బై కిలోమీటర్లు ఒకటే. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి దాటి నాయుడుపేట. ఈ రోడ్డు వెడల్పు చేశాక ప్రయాణం బాగా తేలికైంది. నాయుడుపేటలో హైవే ఎక్కి ఎడమకు తిరిగితే గూడూరు, నెల్లూరు, కుడికి తిరిగితే దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ. తిరుపతి నుంచి నెల్లూరు దాదాపు నూట నలభై కిలోమీటర్లు, అక్కడి నుంచి మైపాడుకి ఇంకో పాతిక. తూపిలిపాలెం నూట ఇరవై లోపే అయిపోతుంది, కానీ చివరి భాగం పల్లె రోడ్లు కాబట్టి కిలోమీటర్లు తక్కువైనా టైము అంత తక్కువ పట్టదు.

మన ఊరికి ఉన్న ప్రత్యేకమైన తలనొప్పి ఒకటి మర్చిపోవద్దు. మనం బయటికి వెళ్లాలనుకునే శనివారమే రాష్ట్రమంతా మన ఊరికి వస్తుంది. పౌర్ణమి గరుడసేవ శని, ఆదివారాల్లో పడిందంటే రేణిగుంట రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తెల్లారి ఐదు లోపల రేణిగుంట దాటేలా బయల్దేరడం ఒక పద్ధతి. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి నింపాదిగా బయల్దేరడం ఇంకో పద్ధతి. ఎనిమిదికి, తొమ్మిదికి బయల్దేరితే ట్రాఫిక్కూ తగులుతుంది, చేరేసరికి ఎండా తగులుతుంది.

పెట్రోలు లెక్క వేసుకుందాం. లీటరుకి పదిహేను కిలోమీటర్లు ఇచ్చే కారు, లీటరు నూట పది రూపాయలు అనుకుంటే, మైపాడు రానూపోనూ మూడు వందల ముప్పై కిలోమీటర్లకు రెండు వేల నాలుగు వందలు, తూపిలిపాలేనికి పదిహేడు వందల చిల్లర, టోల్ వేరే. అంటే బండి ఖర్చులో తేడా ఆరేడు వందలే. అసలు తేడా గది అద్దె దగ్గర వస్తుంది, తూపిలిపాలెం పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు, మైపాడు అయితే రాత్రి ఉంటేనే సుఖం.

తూపిలిపాలెం

దగ్గరగా, ప్రశాంతంగా, మన జిల్లాలోనే ఉన్న తీరం ఇది. గూడూరు నుంచి కోట, వాకాడు మీదుగా వెళ్లొచ్చు, లేకపోతే నాయుడుపేట నుంచి మల్లాం వైపు అడ్డదారి పట్టి వాకాడు చేరుకోవచ్చు. మల్లాంలో పాత సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి ఉంది, పెద్దవాళ్లు తోడుంటే ఆ దారే మంచిది. తిరుచానూరు పక్కన, శ్రీకాళహస్తి గుడి వెనక మనం చూసే స్వర్ణముఖి ఇటే వచ్చి సముద్రంలో కలుస్తుంది, వాకాడు దగ్గర దాని మీద బ్యారేజీ ఉంది. పిల్లలకు దారిలో ఇది చూపించండి, మన ఊరి ఏరు ఇక్కడికి వస్తుందా అని వాళ్లు ఆశ్చర్యపోతారు. పక్కనున్న దుగరాజపట్నానికి ఇంకో కథ ఉంది. మద్రాసు పట్నం పుట్టక ముందే, 1620లలో, ఈస్టిండియా కంపెనీ వాళ్లు వ్యాపారానికి అక్కడ దిగారు, వాళ్ల రాతల్లో దాని పేరు ఆర్మగాన్. చరిత్ర మీద ఆసక్తి ఉన్న హైస్కూలు పిల్లలు ఉంటే ఈ ఒక్క ముక్క చాలు, మిగతాది వాళ్లే వెతుక్కుంటారు.

ఇక అసలు విషయం. ఇక్కడ సౌకర్యాలు తక్కువ. బజ్జీల బండి ఉందా, కొబ్బరిబోండాలు ఉన్నాయా అన్నది ఆ రోజును బట్టి. రాత్రి బస నేనైతే అక్కడ పెట్టుకోను, గూడూరు గానీ నాయుడుపేట గానీ వచ్చేయాలి. నడవలేని పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. పెద్దవాళ్లంతా ఓపికున్నవాళ్లు, పిల్లలు పదేళ్లు దాటినవాళ్లు, ఇంట్లోంచి అన్నీ సర్దుకుని పోయే అలవాటున్న కుటుంబం, ఇలాంటి వాళ్లకు ఇంతకన్నా మంచి పొద్దు దొరకదు. తెల్లారి నాలుగున్నరకు బయల్దేరి ఏడింటికి ఇసుక మీద ఉండి, పది దాటక ముందే లేచి, గూడూరులో గానీ నాయుడుపేటలో గానీ భోజనం చేసి, మూడింటికల్లా ఇంట్లో పడుకోవచ్చు. ఆదివారం సాయంత్రం ఇంకా మిగిలే ఉంటుంది.

ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు డిక్కీలో పెట్టుకోండి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, పిల్లల ఒంటి మీద ఉప్పు పోవడానికి. సీట్ల మీద పరవడానికి పాత దుప్పట్లు, నీడకు పెద్ద గొడుగు, పెద్దవాళ్లకు మడత కుర్చీ. బట్టలు మార్చుకోవడానికి కారుకు రెండు పక్కలా చీర కట్టుకోవడమే. ఇవన్నీ సర్దుకునే ఓపిక లేకపోతే మైపాడు చూడండి.

మైపాడు

తిరుపతిలో ఎక్కువ కుటుంబాలకు నేను చెప్పేది ఇదే. ఇందుకూరుపేట మండలంలో, నెల్లూరు నుంచి ముప్పావు గంట. నెల్లూరు వాళ్లకు బాగా తెలిసిన బీచ్ కాబట్టి మరీ నిర్మానుష్యంగా ఉండదు, అదే దీని బలం. రోడ్డు తీరం దాకా వస్తుంది, కారు దిగాక పెద్దవాళ్లు ఎక్కువ నడవక్కర్లేదు, తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, టూరిజం వాళ్ల రిసార్ట్ బీచ్ పక్కనే ఉంది. ఆదివారం సాయంత్రం మాత్రం నెల్లూరు జనం దిగుతారు. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాల జనం. ఆ రోజులు వదిలేస్తే, ముఖ్యంగా తెల్లవారుజామున వెళ్తే, మైపాడు చాలా శాంతంగా ఉంటుంది.

ఉండటానికి రెండు దారులు. ఒకటి, బీచ్ పక్కనే రిసార్ట్‌లో. గది దొరికితే పిల్లలు అలల చప్పుడు వింటూ నిద్రపోతారు, తెల్లారి లేచి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. గది ఖాయం అయిందని ఫోన్‌లో ఇంకోసారి అడిగి తెలుసుకున్నాకే బయల్దేరండి, వారాంతం కదా. ఆ రాత్రి తిండికి, మందులకు అక్కడ పెద్దగా ఎంపికలు ఉండవు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. రెండోది, నెల్లూరు టౌన్‌లో లాడ్జి. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు గానీ రెండేళ్ల లోపు పిల్లలు గానీ ఉంటే నేను ఈ రెండో దాన్నే చెప్తాను. రాత్రి పదింటికి పిల్లాడికి జ్వరం వస్తే నెల్లూరులో ఆసుపత్రులూ మందుల షాపులూ ఉన్నాయి, వేడినీళ్లు, లిఫ్టు, ఇడ్లీ, పాలు, అన్నీ దొరుకుతాయి. గది తీసుకునేటప్పుడు ఇరవై నాలుగు గంటల చెక్ అవుటా, మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ చేయాలా అని అడగండి. ఇరవై నాలుగు గంటలది అయితే శనివారం సాయంత్రం ఐదుకి దిగినా ఆదివారం సాయంత్రం దాకా గది మీదే. బీచ్ నుంచి తడి బట్టలతో వచ్చి, అందరూ స్నానాలు చేసి, భోంచేసి, ఒక కునుకు తీసి బయల్దేరొచ్చు. నాకు ఈ మధ్యాహ్నపు కునుకే మొత్తం ట్రిప్‌లో ముఖ్యమైన భాగం అనిపిస్తుంది, అది లేకపోతే డ్రైవింగ్ చేసేవాళ్లకు తిరుగు ప్రయాణం నరకం.

రోజుల పంపకం ఇలా పెట్టుకోవచ్చు. శనివారం భోజనం అయ్యాక రెండింటికి బయల్దేరితే ఐదారింటికి నెల్లూరు. సాయంత్రం పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి, పెద్దవాళ్లకు తృప్తి. తొందరగా తిని తొమ్మిదికల్లా పడుకోండి. ఆదివారం ఐదుం పావుకి లేచినవాళ్లు లేచినట్టే కారెక్కాలి, టిఫిన్ల సంగతి తర్వాత, ఫ్లాస్కులో పాలు, బిస్కెట్లు చాలు. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, మే నెలలో ఇంకా ముందే. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా వెనక్కి. బీచ్ మీద రెండున్నర గంటలేనా అని పిల్లలు గొడవ చేస్తారు నిజమే. కానీ తొమ్మిది తర్వాత ఆ ఇసుక మీద అరికాలు పెట్టలేం, ఆ రెండున్నర గంటలూ ఎండ లేకుండా ఆడుకుంటే చాలు.

కొత్తకోడూరు

తోటపల్లిగూడూరు మండలంలో ఉంది, దూరం నెల్లూరు నుంచి మైపాడుకి అయినంతే. సరుగుడు తోటల నీడ ఉంటుంది, మైపాడంత జనం ఉండరు, మైపాడులో ఉన్నన్ని ఏర్పాట్లూ ఉండవు. బస ఎలాగూ నెల్లూరులోనే. మైపాడు ఇంతకు ముందే చూసినవాళ్లకు, ఆదివారం సాయంత్రమే వెళ్లక తప్పనివాళ్లకు ఇది మంచి మార్పు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మైపాడే.

పులికాట్, నేలపట్టు

అలల్లో తడవాలన్న కోరిక పిల్లలకు గట్టిగా ఉంటే దీన్ని చదవక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా సముద్రమంటే భయం ఉన్నా, నీళ్లలో దిగలేని పెద్దవాళ్లు ఎక్కువమంది ఉన్నా, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇంతకన్నా మంచి చోటు మన జిల్లాలో లేదు. దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. లోతు చాలా తక్కువ, అందుకే పక్షులు నిలబడి మేస్తాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు పక్కలా నీళ్లు, చలికాలంలో ఆ నీళ్లలో ఫ్లెమింగోల గుంపులు. అటకానితిప్ప దాకా వెళ్లి, కారు ఓ పక్కన ఆపి, అమ్మమ్మ సీట్లోంచి దిగకుండానే చూడొచ్చు. పిల్లలకు ఒక బైనాక్యులర్ ఇవ్వండి, ఫోన్ అడగరు.

దొరవారిసత్రం దగ్గర నేలపట్టు హైవేకి పక్కనే. గూడబాతులు చెరువు నీళ్లలో ఉన్న చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి. ఆ ఊరివాళ్లు ఈ పక్షులు రావడం మంచి శకునంగా చూస్తారు, వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. ఉదయం నేలపట్టు, మధ్యాహ్నం సూళ్లూరుపేటలో భోజనం, చెంగాళమ్మ గుడి, సాయంత్రం పులికాట్ రోడ్డు, రాత్రికి ఇల్లు. గది ఖర్చే లేదు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో జనం బాగా ఉంటారు, ప్రశాంతత కావాలంటే దానికి ముందు వారమో తర్వాత వారమో చూసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రం అటు పోవద్దు, ఉత్తరం వైపు నీళ్లు ఇంకిపోయి బురద, దుమ్మే ఉంటాయి.

తడ దగ్గర భీమునివారిపాలెంలో బోటు ఎక్కాలనుకుంటే, లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ ఎక్కవద్దు, మనుషులు ఎక్కువైతే దిగిపోండి. సరస్సు లోతు లేదు కదా అనుకోవద్దు. 2011 క్రిస్మస్ రోజున తమిళనాడు వైపు పులికాట్‌లో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు, కుటుంబాలతో విహారానికి వచ్చినవాళ్లే.

ఇంకా పైకి వెళ్దామా

పాకల, కొత్తపట్నం ఒంగోలు వైపు, వాడరేవు చీరాల దగ్గర, సూర్యలంక బాపట్ల దగ్గర. బాగుంటాయి, వాడరేవు, సూర్యలంకల్లో గదులు కూడా దొరుకుతాయి. కానీ ఒంగోలే రెండు వందల అరవై కిలోమీటర్లు. రెండు రోజుల్లో అంత దూరం కారు నడిపితే విశ్రాంతి మాట మర్చిపోవాలి. మూడు రోజుల సెలవు వచ్చినప్పుడు, అదీ రైల్లో, రాత్రి ఎక్కి పొద్దున దిగేలా అయితేనే.

ఎప్పుడు వెళ్లాలి

జనవరి, ఫిబ్రవరి మంచివి. ఎండ సహించేలా ఉంటుంది, సముద్రం కాస్త నెమ్మదిస్తుంది. ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. గుంట కనిపిస్తే పిల్లల్ని తవ్వనివ్వద్దు, చీకట్లో ఒడ్డు మీద టార్చి వేయొద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వైపు వానలూ తుఫాన్లూ ఎక్కువ. వాయుగుండం అని వార్తల్లో వినబడితే గది డబ్బులు పోయినా సరే ట్రిప్ మానుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు మీద హెచ్చరికలు ఇస్తుంది, బయల్దేరే ముందు రోజు ఒకసారి చూడండి. మే నెలలో వెళ్లక తప్పదంటే తెల్లవారుజామున మాత్రమే. చేపల కోసం వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్లకు వేట నిషేధం, ఆ రోజుల్లో సముద్రపు చేప తక్కువ, చెరువు రొయ్యలే ఎక్కువ.

నీళ్లలో దిగే ముందు

ఈ తీరంలో ప్రతి ఏడాదీ ప్రాణాలు పోతున్నాయి, ఎక్కువగా ఈత బాగా వచ్చనుకున్న కుర్రాళ్లవి. కాబట్టి దీన్ని తేలిగ్గా చదివి వదిలేయొద్దు. చెరువులో, బావిలో నేర్చుకున్న ఈత ఇక్కడ పనికిరాదు. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారులు ఉంటాయి. అక్కడ అల విరగదు, చుట్టూ తెల్లగా నురగ ఉంటే మధ్యలో అక్కడ మాత్రం నల్లగా, నెమ్మదిగా కనిపిస్తుంది. చూసేవాళ్లకు అదే మంచి చోటు అనిపిస్తుంది, దిగితే అదే లాగేస్తుంది. ఒకవేళ లాగితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, బలం అయిపోతుంది. తీరానికి సమానంగా పక్కకు ఈది, ఆ దారి దాటాక అలతో పాటు ఒడ్డుకు రావాలి. ఏరు సముద్రంలో కలిసే చోట అసలు దిగొద్దు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు ఎక్కువ.

మా ఇంట్లో పద్ధతి మోకాలి లోతు, అంతకు మించి ఎవరికీ లేదు, పెద్దవాళ్లకైనా సరే. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి ఫోన్ జేబులో పెట్టి, ఒడ్డున నిలబడి వాళ్లనే చూడాలి, ఆ మనిషి పేరు ముందే అనుకోవాలి. అందరూ చూస్తున్నారులే అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. ఈ రోజు నీళ్లు ఎలా ఉన్నాయన్నా అని అక్కడ వల సర్దుకుంటున్న మత్స్యకారుల్ని అడగండి, దిగొద్దు అంటే దిగొద్దు. ఆపద వస్తే 112, అంబులెన్స్‌కి 108.

తిండి, శ్రీకాళహస్తి సంగతి

నెల్లూరు దాకా వెళ్లి చేపల పులుసు తినకుండా రావడం కష్టం. మామిడికాయ వేసిన పులుసు, ముందురోజుదైతే ఇంకా రుచి. భోజనం నెల్లూరు టౌన్‌లోనే పెట్టుకోండి, బీచ్ దగ్గర ఎండలో మూత లేకుండా పెట్టిన వేపుడు ముక్కలు పిల్లలకు వద్దు. శాకాహారులైతే పులిహోర, చపాతీలు ఇంట్లోంచే తెచ్చుకుంటే హాయి, పెరుగన్నం మాత్రం పొద్దున్నే తినేయాలి.

దారిలో శ్రీకాళహస్తి దర్శనం కూడా కలిపేద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కాళహస్తి దర్శనం అయ్యాక ఇంకెక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి పోవాలని మనలో చాలామందికి పట్టింపు. అంటే తిరుగు ప్రయాణంలోనే పెట్టుకోవాలి. కానీ మధ్యాహ్నం చేపల పులుసు తిని సాయంత్రం గుడికి వెళ్లడం ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం ఉండదు. ఇంటిల్లిపాదీ శాకాహారులైతే సరే. లేకపోతే ఈ రెంటినీ కలపొద్దు, గుడి మన ఊరి పక్కనే ఉంది, ఇంకో రోజు ప్రశాంతంగా వెళ్లొచ్చు.

కారు లేనివాళ్లకు

నెల్లూరు ఒక్కటే సరైన దారి. తిరుపతి నుంచి బస్సులు రోజంతా ఉంటాయి, గూడూరు మీదుగా రైళ్లు ఉన్నాయి. నెల్లూరులో దిగి గది తీసుకుని, మైపాడుకి పొద్దున్నే ఆటో గానీ కారు గానీ రానూపోనూ మాట్లాడుకోండి, అక్కడ ఎన్ని గంటలు ఆగాలో కూడా బేరంలోనే చెప్పేయండి.

చిత్తూరు టౌన్ నుంచి అయితే

చిత్తూరు వాళ్లు తిరుపతి మీదుగా నెల్లూరు వెళ్లాలంటే ముందే డెబ్బై కిలోమీటర్లు అదనం. మీకు సద్రాస్ దగ్గర. కల్పాక్కం పక్కన, తమిళంలో సదురంగపట్టినం అంటారు. కాంచీపురం, చెంగల్పట్టు, తిరుక్కళుకుండ్రం మీదుగా నూట డెబ్బై కిలోమీటర్లు అటూ ఇటూ, చెన్నై ఊళ్లోకి వెళ్లే పనే లేదు. డచ్చివాళ్లు కట్టిన పాత కోట తీరం ఒడ్డునే ఉంది, పురావస్తు శాఖ వాళ్ల సంరక్షణలో ఉంది, దాని వెనకే బీచ్. మహాబలిపురం జనంలో పదో వంతు కూడా ఉండరు, కానీ గదులు, హోటళ్లు కావాలంటే ఆ మహాబలిపురం పావుగంట, ఇరవై నిమిషాల దూరంలోనే ఉంది. కాబట్టి బస అక్కడ, సముద్రం ఇక్కడ. అణు విద్యుత్ కేంద్రం వైపు తీరంలో కొంత భాగానికి అనుమతి లేదు, బోర్డులు చూసి ఆగిపోండి. వెళ్లేటప్పుడు కాంచీపురంలో ఆగాలనుకుంటే గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి చిత్తూరులో ఆరు లోపల బయల్దేరి తొమ్మిదికల్లా కామాక్షమ్మ దర్శనం చేసుకుని, అక్కడే టిఫిన్ చేసి ముందుకు సాగండి.